చెరకు తోటలో కోరంగి పేర్లు

గోదావరి నోటి దగ్గరి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు మారిషస్ దీవిలో చెరకు నరికారు. ఆ దీవిలోని పాత ఎస్టేట్లు కొన్ని ఇవాళ ఖరీదైన రిసార్టులు. దొర బంగళాలకు కొత్త రంగులు పడ్డాయి. మరి కూలీల పేర్లో? కోనసీమ కొబ్బరి తోటల్లోకి పర్యాటకులు వస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్న మనల్ని మనం వేసుకోవాల్సిందే.

(ఈ గాథలో కనిపించే బావా బావమరుదులు ఊహలోంచి వచ్చినవాళ్ళు, అందుకే వాళ్ళకు పేర్లు లేవు. వాళ్ళ చుట్టూ ఉన్న రేవు, తోట, జీతం, చట్టం మాత్రం చరిత్రలోవి.)

రేవు గట్టు

1840లలో ఒక తెల్లవారుజాము. కోరంగి రేవు. మడ చెట్ల మధ్య నీళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి. పెద్ద ఓడలు దూరంగా లోతు నీళ్ళలో ఆగాయి. గట్టు నుంచి వాటి దాకా మనుషుల్ని చిన్న పడవలు చేరవేస్తున్నాయి.

గట్టు మీద ఒక బావ, ఒక బావమరిది. ఇద్దరిదీ ఇంజరం పక్క నేతపని చేసే కుటుంబం. కుంపిణీ వాళ్ళు బట్టల వ్యాపారం మానేశాక మగ్గాలు మూలనపడ్డాయి. బావమరిది పొలం కూలికి పోతున్నాడు. బావకు అదీ చేతకాలేదు.

"ఆ తెరచాప చూడు బావా. ఎంత గుడ్డో!"

"మనం నేసింది కాదులే."

మేస్త్రీ లెక్క చెబుతున్నాడు.

"నెలకి అయిదు రూపాయలు. బియ్యం, పప్పు, ఉప్పు తోట దొరే ఇస్తాడు. ఏడాదికోసారి బట్టలిస్తాడు, కంబళిస్తాడు."

"పనేంటండి?"

"చెరకు. నాటడం, కలుపు తియ్యడం, నరకడం."

"నాకు మగ్గం తప్ప ఏదీ రాదండి."

"మగ్గం కూడెడతందా?"

బావ మాట్లాడలేదు. బావమరిదే అడిగాడు. "అక్కడ రాయి ఎత్తితే కింద బంగారం దొరుకుద్దంట, నిజవేనాండి?"

మేస్త్రీ అవుననలేదు, కాదనలేదు. "రాళ్ళకైతే కొదవ లేదురా" అన్నాడు.

పడవ కదలబోతుండగా బావమరిది నీళ్ళలోకి రెండడుగులు వేశాడు. "అక్కకి ఏం చెప్పమంటావు బావా?"

"కొన్నేళ్ళని చెప్పు. ఎన్నో మాత్రం చెప్పమాక. లెక్కెట్టుకుంటా కూర్చుంటాది."

ఆ రేవుకు వాళ్ళు ఎందుకు వచ్చారో తెలియాలంటే అప్పటి గోదావరి జిల్లాను చూడాలి. ఇప్పుడు మనకు తెలిసిన పచ్చటి డెల్టా అప్పటికి లేదు. నది నిండా నీళ్ళున్నా పొలానికి అందేవి కావు. వస్తే వరద ముంచేది, రాకపోతే కరువు కాల్చేది. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. 1839 నవంబరులో తుపాను కోరంగిని ముంచేసింది. ఉప్పెన నలభై అడుగులు లేచిందని, మూడు లక్షల మంది పోయారని ఆనాటి కథనాలు. చరిత్రకారులు ఆ అంకెను అనుమానిస్తారు గానీ, రేవు కోలుకోలేని దెబ్బ తిన్నదన్న మాటను కాదనరు. 1821లో ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలున్న జిల్లా జనాభా ఇరవై ఏళ్ళకు ఐదు లక్షల అరవై వేలకు పడిపోయింది. జనం పెరగాల్సిన కాలంలో నాలుగో వంతు తరిగిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్ళొదిలి పోయారు.

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని నివేదిక రాసింది 1844లో. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మన బావ ఓడ ఎక్కే నాటికి ఆనకట్ట ఇంకా కాగితం మీదే ఉంది. ఆకలికి అంత ఓపిక ఉండదు.

అక్కడ ఎవరి కోసం ఎదురుచూశారు?

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉన్న చిన్న దీవి. దాన్ని 1810లో ఫ్రెంచివాళ్ళ నుంచి ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు. అక్కడి చెరకు తోటలు బానిసల రెక్కల మీద నడిచాయి. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. బానిసల్ని పోగొట్టుకున్న యజమానులకు బ్రిటిష్ ప్రభుత్వం ఇరవై లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం చెల్లించింది. స్వేచ్ఛ పొందిన బానిసలకు మాత్రం చిల్లిగవ్వ ఇవ్వలేదు. కాలక్రమంలో చాలామంది తోటలు వదిలి వెళ్ళిపోయారు.

చెరకు ఆగదు కదా. అందుకే యజమానుల చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ 36 మంది కూలీలతో కలకత్తా నుంచి పోర్ట్ లూయీ చేరింది. ఒప్పంద కూలీల వ్యవస్థ అలా మొదలైంది. మధ్యలో అత్యాచారాల వార్తలు పొక్కి కొన్నేళ్ళు ఆపినా, 1840ల మొదట్లో మళ్ళీ తలుపులు తెరిచారు. ఈసారి మద్రాసు, బొంబాయి తీరాల నుంచి కూడా మనుషులు కదిలారు. కోరంగి నుంచి వెళ్ళిన ఓడల్లో ఒకదాని పేరే 'కోరంగి ప్యాకెట్'. మారిషస్‌లో తెలుగువాళ్ళను చాలాకాలం కోరంగివాళ్ళనే పిలిచారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల దాకా దేశం మొత్తం మీద ఆ దీవికి చేరినవాళ్ళు నాలుగున్నర లక్షలకు పైనే. అందులో తెలుగువాళ్ళు కొద్దిమందే.

వారాల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి బావ పోర్ట్ లూయీలో దిగాడు. గుమాస్తా బల్ల ముందు వరుస.

"పేరు?"

చెప్పాడు. గుమాస్తా తనకు వినబడినట్టు రాసుకున్నాడు.

"తండ్రి పేరు? కులం? ఊరు?"

ఒక్కొక్కటే చెప్పాడు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు. పుస్తకంలో దానికి గడి లేదు. తర్వాతి తరాల్లో ఓడ దిగినవాడి సొంత పేరే కుటుంబం మొత్తానికి ఇంటిపేరు అయి కూర్చుంది. పలకలేని గుమాస్తా రాసిన అక్షరాలతోనే మనవలు బడిలో చేరారు.

ఆ రోజు బావకు ఒక నంబరు ఇచ్చారు. తోటలో పని చేయించే సర్దారుకు అతను మొదట ఆ నంబరు, తర్వాతే మనిషి.

రాళ్ళకు కొదవ లేదు

మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. మారిషస్ అగ్నిపర్వతం కక్కిన నేల. చెరకు నాటాలంటే ముందు నల్లరాళ్ళు ఏరాలి. ఏరిన రాళ్ళను పొలం మధ్యలో గుట్టలు పోశారు. ఆ గుట్టలు ఇప్పటికీ చెరకు చేలల్లో నిలబడే ఉన్నాయి. రాయి ఎత్తితే బంగారం దొరుకుతుందన్న మాట ఆ దీవిలోని చాలా భారతీయ కుటుంబాల జ్ఞాపకంలో ఉంది. రాయి ఎత్తింది తాతలు. బంగారం ఎవరికి దొరికిందో చూడాలంటే దీవి దక్షిణ తీరానికి పోవాలి.

సవాన్ జిల్లాలో కొండకూ సముద్రానికీ మధ్య బెల్ ఓంబ్ర్ అనే ఎస్టేటు ఉంది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ వైద్యుడు చార్లెస్ టెల్ఫేర్ 1816లో దాన్ని కొన్నాడు. గవర్నర్ ఫార్కర్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసినవాడు. మొక్కలంటే ప్రాణం. దక్షిణ చైనా నుంచి పొట్టి అరటి రకం ఒకటి తెప్పించి పెంచి, 1829 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఒక మిత్రుడికి పంపాడు. అక్కడి నుంచి ఆ మొక్క డెవన్‌షైర్ డ్యూకు విలియం కావెండిష్ తోటకు చేరింది. ఆయన పేరుతోనే అది కావెండిష్ అరటి అయింది. ఇవాళ ప్రపంచ మార్కెట్లో ఎగుమతి అయ్యే అరటి దాదాపు అంతా ఆ జాతే. రావులపాలెం అరటి మార్కెట్లో చక్కెరకేళి, అమృతపాణి గెలల పక్కన ఎప్పుడైనా గ్రాండ్ నైన్ గెల కనిపిస్తే, అదీ కావెండిష్ కుటుంబంలోదే.

అంత సున్నితమైన తోటమాలికి మరో ముఖం కూడా ఉంది. బెల్ ఓంబ్ర్‌లో పని చేసింది బానిసలు. వాళ్ళ బతుకు గురించి ఇంగ్లండ్‌లో బానిసత్వ వ్యతిరేకుల పత్రిక విమర్శిస్తే, టెల్ఫేర్ 1830లో తనను సమర్థించుకుంటూ ఒక పుస్తకమే వేశాడు. బడి పెట్టాననీ, తిండి బాగా పెడుతున్నాననీ రాశాడు. 1833లో పోయాడు. బానిసత్వ రద్దు చూడలేదు. ఆ పుస్తకంలో యజమాని గొంతు ఇవాళ్టికీ వినబడుతుంది. అతని బానిసలు రాసిన పుస్తకం ఏదీ మనకు దక్కలేదు.

బెల్ ఓంబ్ర్ నుంచి తీరం వెంట పడమటికి వెళితే లే మార్న్ కొండ వస్తుంది. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది. విముక్తి వార్త చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని వాళ్ళు పైనుంచి దూకేశారని అక్కడ చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక రోజు మానితే రెండు రోజుల కోత

మన బావను మళ్ళీ చూద్దాం. ఒక ఎస్టేటు క్యాంపు. చెరకు ఆకు కప్పిన గుడిసెల వరుస. తెల్లారకముందే గంట. సర్దారు వరుసలో నిలబెట్టి లెక్క చూస్తాడు.

బావకు జ్వరం. రెండు రోజులు లేవలేదు. నెలాఖరున జీతం బల్ల దగ్గర నాలుగు రోజుల కూలి తగ్గింది.

"రెండు రోజులే కదండి మానింది?"

"ఒక రోజుకి రెండు రోజులు. చట్టం."

నిజంగానే చట్టం. దాన్ని 'డబుల్ కట్' అనేవారు. ఆ దీవిలో కూలీల జీవితాన్ని నడిపింది కొరడా కంటే ఎక్కువగా కాగితమే. ఒప్పందం పూర్తయినవాడు కూడా చేతిలో చీటీ లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి కింద లెక్క. 1867లో ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. పాత కూలీలు తమ ఫోటో అంటించిన టికెట్టు వెంట పెట్టుకు తిరగాలి. పోలీసులు ఆపి అడిగినప్పుడు చూపించలేకపోతే జైలు. టికెట్టుకూ ఫోటోకూ డబ్బు కట్టాల్సిందీ కూలీయే.

ఆ కాగితాల మీద తిరగబడింది కూడా కాగితంతోనే. ఎస్టేటు నడిపే దొరల్లో ఒకడైన అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ 1871లో పాత కూలీల తరఫున గవర్నరుకు ఒక అర్జీ తయారు చేశాడు. దాని మీద 9,401 మంది సంతకాలు పడ్డాయి. తోటి దొరలు అతన్ని వీధిలో కొట్టారు, దీవి నుంచి వెళ్ళగొట్టాలని గొడవ చేశారు. కానీ మరుసటి ఏడాది రాయల్ కమిషన్ వచ్చింది. కూలీల మాట నిజమేనని 1875లో దాని నివేదిక తేల్చింది.

ఇంత బిగువులోనూ మనుషులు మనుషుల్లాగే బతికారు. పెళ్ళిళ్ళు చేసుకున్నారు. క్యాంపు చివర ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. మారిషస్ తెలుగువాళ్ళు ఇవాళ్టికీ అమ్మోరు పండుగ చేస్తారు, రామభజన చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చక్కెర ధర పడి ఎస్టేట్లు అంచుల వెంట భూములు ముక్కలు చేసి అమ్మినప్పుడు, పైసా పైసా కూడబెట్టిన పాత కూలీలు కొన్నారు. రాళ్ళు ఏరినవాడి కొడుకు చిన్న రైతు అయ్యాడు. మనవడు మేష్టారయ్యాడు. 1968 మార్చి 12న స్వతంత్రం వచ్చేసరికి ఓటు వేసినవాళ్ళలో ఎక్కువమంది ఆ ఓడలు దిగినవాళ్ళ వారసులే.

మన బావ మాత్రం తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళూ ఉన్నారు, మూటతోనే వచ్చారు. రానివాళ్ళే ఎక్కువ.

మిల్లు ఆగింది, గోల్ఫ్ వచ్చింది

1850ల చివర్లో ఆ చిన్న దీవిలో 250కి పైగా చక్కెర మిల్లులు ఉండేవి. తర్వాత పెద్ద మిల్లు చిన్న మిల్లును మింగుతూ వచ్చింది. 1975 నుంచి యూరప్ దేశాలు ఒప్పందం ప్రకారం మంచి ధరకు మారిషస్ చక్కెర కొంటూ వచ్చాయి గనుక చాలాకాలం బండి నడిచింది. ఆ వెసులుబాటు ఎల్లకాలం ఉండదని 1990లలోనే అర్థమైంది. 2006 నుంచి యూరప్ ధర మూడో వంతుకు పైగా కోసేసింది. 2009లో పాత ఒప్పందమే ముగిసింది. మిల్లులు మూసి, పనివాళ్ళకు స్వచ్ఛంద విరమణ కింద డబ్బూ కొంత ఇంటిస్థలమూ ఇచ్చి పంపడం దీవి అంతటా జరిగింది.

బెల్ ఓంబ్ర్ మిల్లు 1999లో ఆగింది. జూన్ నుంచి డిసెంబరు దాకా చెరకు బండ్లు బారులు తీరే చోట నిశ్శబ్దం. అయిదేళ్ళు తిరిగేసరికి, 2004లో, సముద్రపు ఒడ్డున హోటళ్ళు లేచాయి. చెరకు పండిన నేల మీద పద్దెనిమిది రంధ్రాల గోల్ఫ్ మైదానం పరుచుకుంది. హోటళ్ళలో ఒకదానికి టెల్ఫేర్ పేరే పెట్టారు. పాత బంగళాను బాగుచేసి భోజనశాల చేశారు. వరండాలో తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, ఎదురుగా పచ్చిక, ఆ వెనక కొండ.

ఇది ఒక్క బెల్ ఓంబ్ర్ కథ కాదు. దీవి ఉత్తరాన లబుర్దొన్నే ఎస్టేటు ఉంది. 1850లలో క్రిస్టియన్ వీహే అక్కడ రెండంతస్తుల భవనం కట్టించాడు. అది కుటుంబం చేతిలోనే ఉండి, పూర్తిగా మరమ్మతు చేశాక 2010లో సందర్శకులకు తెరుచుకుంది. పండ్ల తోట చూపిస్తారు, రమ్ము రుచి చూపిస్తారు. 2019లో ఆ దీవికి వచ్చిన పర్యాటకులు పదమూడు లక్షల ఎనభై వేల పైచిలుకు, అంటే దీవి జనాభా కంటే ఎక్కువ. చక్కెర పెట్టని అన్నం పర్యాటకం పెడుతోంది. మిల్లు మూసినప్పుడు పని పోయిన ఇంట్లోని పిల్లకు హోటల్లో ఉద్యోగం దొరికితే దాన్ని తప్పు పట్టలేం. తోట బీడు పడడం కంటే, బంగళా కూలిపోవడం కంటే రిసార్టు నయమే.

అయినా ఒక తేడా కళ్ళకు కడుతుంది. బంగళా రాతితోనూ గట్టి కలపతోనూ కట్టింది, నిలిచింది. గుడిసె చెరకు ఆకు కప్పినది, పోయింది. దాంతో వారసత్వం పేరు చెప్పి చూపించడానికి మిగిలేది యజమాని వరండా. అక్కడ కూర్చుని కాఫీ తాగే అతిథి తెలియకుండానే చరిత్రను యజమాని కుర్చీలోంచి చూస్తాడు. అందులో ఎవరి కుట్రా లేదు. ఏది నిలిచిందో అదే చరిత్రగా చెలామణి అవుతుంది. దాన్ని సరిచేయాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని పూనుకోవాలి.

మారిషస్‌లో ఆ పని చేసినవాళ్ళూ ఉన్నారు. బో ప్లాన్ అనే చోట 1999లోనే మూసేసిన మరో మిల్లును 2002లో మ్యూజియం చేశారు. అక్కడ యంత్రాల పక్కనే బానిసల కథ, ఒప్పంద కూలీల కథ చెబుతారు. పోర్ట్ లూయీలో కూలీల డిపో ఉన్న చోటు ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. 1849 తర్వాత వచ్చినవాళ్ళు ఎక్కిన పదహారు రాతి మెట్లు అక్కడ ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇక అన్నిటికన్నా విలువైనది మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఓడ దిగినవాళ్ళ రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు. 1860ల నుంచి ఫోటోలు కూడా. ముత్తాత ఏ ఊరివాడో తెలుసుకోవాలనుకునే మారిషస్ పౌరుడు అక్కడికి వెళ్ళి అడుగుతాడు. మనిషి పారిపోకుండా పట్టుకోవడానికి రాసుకున్న పుస్తకం, వందేళ్ళ తర్వాత అతని మునిమనవడికి సొంత ఊరు చూపించింది.

మరి మన తోటలు?

కోరంగి రేవు పూడిపోయింది. వ్యాపారం కాకినాడకు తరలింది. 1978లో ఆ మడ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు జనం అక్కడ చెక్క వంతెన మీద నడుస్తూ ఫోటోలు దిగుతున్నారు. కూలీలు ఓడలెక్కిన తీరమే ఒక పర్యాటక కేంద్రం.

డెల్టా మధ్యలో మరో మార్పు సాగుతోంది. ఆనకట్ట వచ్చాక కోనసీమ కొబ్బరి సీమ అయింది. తోటల మధ్య మండువా లోగిళ్ళు లేచాయి. తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1996 నవంబరు 6 తుపాను ఒక్క రాత్రిలో తోటలకు తోటలను నేలకూల్చింది. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ తర్వాత కాయ మీద నల్లి, ఈ మధ్య ఆకు మీద తెల్లదోమ. ధర ఉంటే కాయ ఉండదు, కాయ ఉంటే ధర ఉండదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. మారిషస్‌లో చక్కెర చేసిన పనినే ఇక్కడ కొబ్బరి చేస్తోంది. తోట ఒక్కటే కుటుంబాన్ని పోషించలేకపోతోంది.

దిండిలో వశిష్ఠ గోదావరి ఒడ్డున, కొబ్బరి చెట్ల మధ్య పర్యాటక శాఖ రిసార్టు కట్టింది. హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి. చుట్టుపక్కల ప్రైవేటు రిసార్టులు, తోటల్లో బసలు వచ్చాయి. సంక్రాంతికి గదులు దొరకవు. అతిథికి చూపించేవి ఏవి? మండువా, ఉయ్యాల బల్ల, గంధపు చెక్క పెట్టె, తాతగారి పడక కుర్చీ. పూతరేకులు, పులస కబుర్లు. అన్నీ మంచివే. అన్నీ తోట యజమాని ఇంట్లోవే.

ఆ చెట్లెక్కింది ఎవరు? దింపు కార్మికులు. కాయ దింపడం ఒక పని, ఒలుపు ఇంకో పని. గునపం మీద కాయ పొడిచి పీచు ఊడదీసే ఒలుపు కార్మికుడి అరచెయ్యి చూసినవాడికి ఆ పని గురించి చెప్పక్కర్లేదు. పీచు పేనిన ఆడవాళ్ళు, మట్టలు అల్లినవాళ్ళు, కాలవ పూడిక తీసినవాళ్ళు, లంకల నుంచి పడవ మీద కాయలు తెచ్చినవాళ్ళు. వీళ్ళలో చాలామంది పేటల్లో ఉండేవాళ్ళు. మండువా లోపలికి రానివ్వని రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఆ మండువాను పర్యాటకుడికి చూపించేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాల్సిందే.

పేర్లు గుర్తు పెట్టుకోవడం కోనసీమకు కొత్తేమీ కాదు. అడిగినవాడికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు గన్నవరం అక్విడక్టుకు పెట్టుకున్నాం. కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ధవళేశ్వరంలో ఆయన పేర మ్యూజియం ఉంది. ఆ ఆనకట్టకు రాళ్ళు మోసిన వేలమందిలో ఒక్కరి పేరు చెప్పమంటే మాత్రం మనకు నోట మాట రాదు.

మారిషస్ వాళ్ళకు కనీసం దొర రాసుకున్న రిజిస్టరు ఉంది. మన తోటల్లో చాలావాటికి అదీ లేదు. ఉన్నది ఒక్క ఆధారం, ఇంకా బతికున్న మనుషులు. చెట్టెక్కే ఓపిక అయిపోయి అరుగు మీద కూర్చున్న దింపు కార్మికుడికి ఏ తోటలో ఏ చెట్టు ఎవరు నాటారో తెలుసు. 1996లో ఎన్ని పడ్డాయో, ఏ చెట్టు మీంచి ఎవరు జారి పడ్డారో తెలుసు. అతని తర్వాత అది చెప్పేవాళ్ళు ఉండరు.

అందుకే తోటను రిసార్టు చేసే కుటుంబాలను కోరేది ఒక్కటే. దీనికి పెద్ద ఖర్చేమీ అవదు. గోడ మీద తాతగారి ఫోటో పక్కన, ఆ తోటలో పనిచేసినవాళ్ళ పేర్లతో ఒక బోర్డు పెట్టండి. ఊరు, పని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా. తోట చూపించే గైడుగా ఆ ఇళ్ళలోని పిల్లలకే మొదటి అవకాశం ఇవ్వండి, మంచి జీతంతో. అనుమతులిచ్చేటప్పుడు పర్యాటక శాఖ రకరకాల పత్రాలు అడుగుతుంది. వారసత్వ బస అని పేరు పెట్టుకునేవాళ్ళను ఆ పేర్ల జాబితా కూడా అడగొచ్చు. ఈ జాబితా ఎవర్నీ పట్టుకోవడానికి కాదు కాబట్టి, గుమాస్తాకు వినబడినట్టు కాక, మనిషి చెప్పినట్టే రాసుకోవచ్చు. ఇంటిపేరుతో సహా.